చిన్న ట్రాక్టర్ సీటు, పెడళ్లు, లివర్లు: దక్షిణ తెలంగాణ రైతులు, డ్రైవర్లు తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో ఎద్దుల నాగలి నడిచిన చెలకల్లోకి ఇప్పుడు చిన్న ట్రాక్టర్ వచ్చింది. కొనేటప్పుడు హార్స్‌పవర్ గురించి, డీజిల్ ఖర్చు గురించి అందరూ అడుగుతారు కానీ, దాని మీద పొద్దంతా కూర్చునే మనిషి మోకాలి గురించి, నడుము గురించి మాత్రం నొప్పి మొదలయ్యాకే అడుగుతారు. దేవరకొండ వైపు చెలకల్లో చాలా ఏళ్లుగా చిన్న ట్రాక్టర్ నడుపుతూ, కొత్తగా నేర్చుకునే వారికి నేర్పుతూ నేను విన్న ప్రశ్నలకు నాకు తెలిసిన జవాబులను ఇక్కడ రాస్తున్నాను.

ఎర్గొనామిక్స్ అంటే ఏమిటి? ట్రాక్టర్ నడపడానికి దానితో ఏం పని?

పనిముట్టును మనిషి ఒంటికి సరిపోయేలా తీర్చే శాస్త్రానికి ఆ పేరు. పేరు కొత్తదే అయినా సంగతి మన ఊళ్లకు పాతదే. దున్నే మనిషి నడుము ఎత్తు చూసి వడ్రంగి నాగలి మేడిని చెక్కేవాడు, పొడుగు మనిషి నాగలిని పొట్టి మనిషి పట్టుకుంటే సాయంత్రానికి భుజం పట్టేస్తుందని అందరికీ తెలుసు. ట్రాక్టర్ మాత్రం కర్మాగారంలో ఒకే కొలతతో తయారై వస్తుంది కాబట్టి, వడ్రంగి చేసిన ఆ పనిని కొన్న తరువాత మనమే చేసుకోవాలి.

ట్రాక్టర్ డ్రైవర్‌కు ఒక ప్రత్యేకమైన కష్టం ఉంది. దారి ముందు ఉంటుంది, పని వెనుక జరుగుతుంది. అతను వెనుక మట్టిని తిరిగే కత్తులతో దున్నే రోటవేటర్ వైపు తిరిగి చూస్తున్న క్షణంలోనే క్లచ్ తొక్కాల్సి రావచ్చు, పనిముట్టును పైకి లేపే లిఫ్ట్ ఎత్తాల్సి రావచ్చు. కళ్లు వెనుక ఉన్నప్పుడు కూడా చేయి, కాలు వెతుక్కోకుండా సరైన చోటికి చేరుతున్నాయా అన్నదే నా దృష్టిలో అసలు పరీక్ష, కింద రాసిన జవాబులన్నిటినీ ఆ ఒక్క ప్రశ్నతోనే కొలిచాను.

ట్రాక్టర్‌ను ఎవరి కొలతలతో తయారు చేస్తారు? మన మనుషుల కొలతలు ఎక్కడైనా ఉన్నాయా?

ఉన్నాయి. భోపాల్‌లోని కేంద్ర వ్యవసాయ ఇంజనీరింగ్ సంస్థ ఆధ్వర్యంలో దేశంలోని వ్యవసాయ కార్మికుల 79 శరీర కొలతలను, 16 రకాల బలాన్ని కొలిచి నమోదు చేశారు. ఆ లెక్కల్లో మగవారి సగటు ఎత్తు సుమారు 163 సెంటీమీటర్లు, ఆడవారిది సుమారు 152 సెంటీమీటర్లు. నమూనా తయారుచేసేవారు సగటును మాత్రమే చూసుకోకూడదు. నూరు మందిలో ఐదుగురికన్నా మాత్రమే పొడుగున్న పొట్టివాడికి కూడా పెడల్ అందాలి, తొంభై ఐదుగురికన్నా పొడుగువాడికి మోకాలు స్టీరింగ్‌కు తగలకూడదు అన్నది ఈ శాస్త్రంలో పాటించే పద్ధతి. సీటు ముందుకూ వెనక్కూ జరిగేలా ఉండటానికి కారణం అదే.

పెద్ద ట్రాక్టర్ మీద లేని ఇబ్బంది చిన్నదాని మీద ఎందుకు వస్తుంది?

చోటు లేకపోవడం వల్ల వస్తుంది. పత్తి సాళ్ల మధ్య నుంచి, బత్తాయి చెట్ల మధ్య నుంచి పోవాలని ట్రాక్టర్‌ను ఇరుకుగా, పొట్టిగా తయారు చేస్తారు కానీ, దాని మీద కూర్చునే మనిషి మాత్రం ఇరుకుగా మారడు. చాలా చిన్న ట్రాక్టర్లలో గేరుబాక్స్ రెండు కాళ్ల మధ్య నుంచి పోతుంది, కాబట్టి డ్రైవర్ గుర్రం ఎక్కినట్టు కాళ్లు ఎడం చేసి కూర్చోవాలి. అలా కూర్చున్నప్పుడు తొడ లోపలి కండరం రోజంతా లాగుతూనే ఉంటుంది, పాదం పెడల్ మీద నిటారుగా కాకుండా పక్కకు వంగి పడుతుంది. కొన్ని కొత్త నమూనాల్లో పాదాల కింద చదునైన వేదిక, పక్కన గేరు లివర్లు ఇస్తున్నారు. అది సౌఖ్యం కోసం చేసిన అలంకారంగా కొందరు కొట్టిపారేస్తారు. రోజుకు ఎనిమిది గంటలు నడిపేవారికి ఆ తేడా సాయంత్రం దిగేటప్పుడు తుంటిలో తెలుస్తుంది.

రెండో కారణం బరువు. తేలికైన ట్రాక్టర్, చిన్న చక్రాలు పెడ్డల మీద ఎక్కువగా ఎగురుతాయి, ఆ కుదుపంతా సీటుకే చేరుతుంది.

సీటును ఎలా సరిచేసుకోవాలి?

ఇంజన్ ఆపి, చదునైన నేల మీద, రోజూ పనికి వేసుకునే చెప్పులతోనే కూర్చోండి. నడుము కింది భాగం సీటు వీపుకు పూర్తిగా ఆనాలి. అలా ఆనించి ఉంచుతూనే క్లచ్‌ను చివరిదాకా తొక్కండి. చివరిదాకా తొక్కినప్పుడు మోకాలు కొంచెం వంగి ఉంటే సీటు సరైన చోట ఉన్నట్టు. కాలు కర్రలా తిన్నగా అయిపోయినా, తొక్కడానికి పిరుదు సీటు నుంచి జారినా సీటును ముందుకు జరపాలి. మోకాలు స్టీరింగ్ అంచుకు తగులుతుంటే వెనక్కి జరపాలి. తరువాత చేతులు చూసుకోండి: స్టీరింగ్ పై అంచును పట్టుకున్నప్పుడు వీపు సీటును వదలకూడదు, మోచేయి కొంచెం వంగే ఉండాలి.

స్ప్రింగు సీటు ఉంటే దాని కింద గానీ పక్కన గానీ బరువు సర్దుకునే నాబ్ ఒకటి ఉంటుంది. 50 కిలోల మనిషికీ 90 కిలోల మనిషికీ స్ప్రింగు ఒకే బిగువులో ఉండకూడదు. బిగువు ఎక్కువైతే సీటు అసలు కదలక కుదుపును నేరుగా వెన్నుకు ఇస్తుంది, తక్కువైతే ప్రతి గుంతకూ కిందికి పోయి గట్టిగా తగులుతుంది. మీరు కూర్చున్నప్పుడు సీటు తన కదలికలో సగం దగ్గర ఆగితే సర్దుబాటు కుదిరినట్టే.

నేను మొదటి ట్రాక్టర్ తీసుకున్నప్పుడు సీటు కింద అలాంటి నాబ్ ఉన్నదని అమ్మినవారు చెప్పలేదు, నేనూ అడగలేదు. రెండు వానాకాలాలు, ఒక యాసంగి నడుము పట్టుకుని తిరిగిన తరువాత ఒక మెకానిక్ సీటు విప్పితే, మట్టితో గట్టిపడిపోయి ఎన్నడూ తిరగని ఆ నాబ్ కనబడింది. డీజిల్ పోసి, తుప్పు వదిలించి, గ్రీజు పెట్టడానికి అరగంట పట్టింది. మీ సీటు కింద ఈరోజే ఒకసారి చూడమని అందుకే ఇంతగా చెప్తున్నాను.

ఎడమ మోకాలి నొప్పి క్లచ్ వల్లనేనా?

చాలాసార్లు అంతే. ట్రాక్టర్ నియంత్రణలకు ఎంత బలం మించకూడదో అంతర్జాతీయ ప్రమాణాలు చెప్తాయి. క్లచ్ పెడల్‌కు 350 న్యూటన్లు, అంటే దాదాపు 36 కిలోల బరువు, అది పరిమితి మాత్రమే. ఒకసారి తొక్కితే ఏమీ కాదు. ఎన్నిసార్లు తొక్కుతున్నామో లెక్క వేసుకుంటే విషయం తెలుస్తుంది.

ఎకరం మడి 100 మీటర్ల పొడవు, 40 మీటర్ల వెడల్పు ఉందనుకుందాం. 1.2 మీటర్ల వెడల్పు రోటవేటర్‌తో పొడవు వెంట దున్నితే 34 సాళ్లు పడతాయి, అంటే 33 మలుపులు. మలుపుకు రెండుసార్లు క్లచ్ తొక్కినా ఎకరానికి 66 సార్లు. అదే మడిని వెడల్పు వెంట దున్నితే మలుపులు 83కు, క్లచ్ తొక్కడం 166 సార్లకు పెరుగుతాయి. రోజుకు నాలుగు ఎకరాలు కిరాయికి తిరిగే డ్రైవర్ ఎడమ కాలు మీద ఈ ఎంపిక వల్ల పడే తేడా దాదాపు 400 తొక్కుళ్లు. డీజిల్ కూడా ఆ మేరకు మిగులుతుంది. వాలు అనుమతించినంత వరకు పొడవు వెంట దున్నండి. నీరు దిగజారే వాలు చెలకల్లో మాత్రం మట్టి కొట్టుకుపోకుండా వాలుకు అడ్డంగానే దున్నాలి, అక్కడ ఈ లెక్క పక్కన పెట్టాలి.

పెడల్ మునుపటికన్నా బరువుగా అనిపిస్తే అది మీ వయసు అనుకోకుండా కేబుల్‌ను, రాడ్ కీళ్లను, ఫోర్క్‌ను చూపించండి. గ్రీజు ఎండిపోయిన కీలు తొక్కే బలాన్ని బాగా పెంచుతుంది. పెడల్ మీద ఖాళీ కదలిక, అంటే మన మెకానిక్‌లు ప్లే అనేది, మీ ట్రాక్టర్ పుస్తకంలో రాసినంతే ఉండాలి. అది పూర్తిగా పోతే క్లచ్ ప్లేట్ అరిగిపోతుంది, ఎక్కువైతే చివరిదాకా తొక్కినా గేరు గరగరలాడుతుంది. సాలు మధ్యలో పాదాన్ని క్లచ్ మీదే ఆనించి ఉంచే అలవాటు ఉంటే మానుకోండి. దానివల్ల ప్లేటూ పోతుంది, పిక్క కండరమూ ఎప్పుడూ బిగిసే ఉంటుంది.

పెడల్ అందక చెక్క ముక్క కట్టుకుంటున్నాం. ఫరవాలేదా?

దయచేసి అలా చేయవద్దు. తీగతో కట్టిన చెక్క ఒకనాడు జారి పెడల్ కిందికి పోతే, తొక్కినా బ్రేకు దిగదు. దానికి బదులు సీటును పూర్తిగా ముందుకు జరిపి, ఇంకా అందకపోతే వీపు వెనుక నాలుగైదు సెంటీమీటర్ల మందంగా, మెత్తగా దిగిపోని దిండును సీటు వీపుకు గట్టిగా కట్టుకోండి. పిరుదుల కింద దిండు వేసుకుంటే ఎత్తు పెరిగి పెడల్ ఇంకా దూరమవుతుంది.

బ్రేకులకు రెండు పెడళ్లు ఎందుకు? రోడ్డు మీద ఏం చేయాలి?

కుడి పాదం కింద రెండు బ్రేకు పెడళ్లు పక్కపక్కన ఉంటాయి. ఒకటి ఎడమ వెనుక చక్రాన్ని, ఇంకొకటి కుడి వెనుక చక్రాన్ని ఆపుతుంది. గట్టు దగ్గర ఇరుకులో మలుపు తీసుకోవడానికి, మెల్లగా పోతున్నప్పుడు మాత్రమే, ఒకవైపు బ్రేకు తొక్కుతాం. పొలం దాటి రోడ్డు ఎక్కే ముందు రెండు పెడళ్లను కలిపే గొళ్లెం తప్పకుండా వేయాలి. మిర్యాలగూడ మిల్లులకు వడ్లతో, నల్లగొండ జిన్నింగు మిల్లులకు పత్తితో ట్రాలీ లాగుతూ పోయేటప్పుడు ఎవరైనా అడ్డం వచ్చి పాదం ఒక్క పెడల్ మీదే పడితే, ఒక చక్రం ఆగి ఇంకొకటి తిరిగి ట్రాక్టర్ అడ్డంగా తిరుగుతుంది, వెనుక ట్రాలీ బరువు దాన్ని బోల్తా కొట్టిస్తుంది. కంగారులో పాదం ఎక్కడ పడుతుందో ఎవరి చేతిలోనూ ఉండదు. గొళ్లెం ఉన్నది ఆ క్షణం కోసమే.

ఈ గొళ్లెం చాలా ట్రాక్టర్ల మీద వంగిపోయి గానీ ఊడిపోయి గానీ కనిపిస్తుంది. చేయించడానికి పెద్ద ఖర్చు కాదు. రెండు పెడళ్ల ప్లే కూడా సమానంగా ఉండాలి, లేకపోతే గొళ్లెం వేసినా బండి ఒకవైపుకే లాగుతుంది. బ్రేకు తొక్కే బలానికి అంతర్జాతీయ పరిమితి 600 న్యూటన్లు, దాదాపు 61 కిలోలు. సన్నగా ఉండే యువకుడికి అది ఎక్కువే, కాబట్టి పరిమితికి లోబడి ఉందన్నంత మాత్రాన తేలికగా ఉందని అనుకోకూడదు.

రేగడి బురదలో పాదం జారిపోతోంది. ఏం చేయాలి?

ఎర్ర చెలక మట్టి ఆరితే రాలిపోతుంది కానీ, రేగడి పెడల్ మీది గాళ్లలో నిండి పాదానికి సబ్బులా తగులుతుంది. రబ్బరు పట్టీ అరిగితే మార్చండి, చిన్న ఇనుప పట్టీ ఒకటి టూల్‌బాక్స్‌లో ఉంచుకుని గట్టు దగ్గర ఆగినప్పుడల్లా గీకండి. వరి మడి దమ్ము చేసేటప్పుడు చాలామంది వట్టి కాళ్లతో ఎక్కుతారు, లేదా మడమ పట్టీ లేని చెప్పులు వేస్తారు. అలాంటి చెప్పు పెడల్ కింద ఇరుక్కున్న సందర్భాలు నేను కళ్లారా చూశాను. మడమను పట్టుకుని ఉండే బూటు గానీ, వెనుక పట్టీ ఉన్న చెప్పు గానీ వేసుకోండి.

గేరు లివర్ మధ్యలో ఉంటే మంచిదా, పక్కన ఉంటే మంచిదా?

పక్కన ఉంటేనే మంచిదని నా అభిప్రాయం. మధ్యలో లివర్ ఉంటే ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు కాలు దాటించాలి, లుంగీ అంచో ప్యాంటు అంచో తగులుకుంటుంది. గేరు మార్చడానికి ముందుకు వంగాలి. అయితే పక్క లివర్‌కు పొడవైన రాడ్లు, కీళ్లు ఉంటాయి, అవి వదులైతే ఏ గేరు పడిందో చేతికి తెలియదు. ఆ కీళ్లను ఏడాదికి ఒకసారి చూపించండి. అందడం లేదని గేరు రాడ్డును వేడిచేసి వంచే పని మాత్రం చేయించవద్దు, వేడి తగిలిన చోట రాడ్డు బలహీనపడుతుంది.

లిఫ్ట్ దగ్గర రెండు లివర్లు ఉన్నాయి. దేనితో ఏం చేయాలో ఎప్పుడూ తికమకగా ఉంటుంది.

ఈ ప్రశ్న అడగనివారు లేరు. కుడి చేతి పక్కన ఉండే ఈ రెండింటిలో ఒకటి పొజిషన్ కంట్రోల్, రెండోది డ్రాఫ్ట్ కంట్రోల్. పొజిషన్ లివర్‌ను ఎక్కడ పెడితే పనిముట్టు ట్రాక్టర్‌తో పోలిస్తే ఆ ఎత్తులోనే నిలుస్తుంది, కాబట్టి రోటవేటర్‌కు, విత్తే గొర్రుకు అదే వాడాలి. డ్రాఫ్ట్ లివర్ మట్టి లాగే బలాన్ని చూసుకుంటుంది. గట్టి నేల తగిలి లాగుడు పెరిగితే తనంతట తానే పనిముట్టును కొంచెం ఎత్తి, మెత్తబడ్డాక మళ్లీ దించుతుంది. ఐర్లండ్‌కు చెందిన హ్యారీ ఫెర్గుసన్ 20వ శతాబ్దం మొదటి సగంలో మూడు చోట్ల తగిలించే లింకేజీతో పాటు తీర్చిన పద్ధతి ఇది. పాలమూరు చెలకల్లో ఒకే సాలులో మెత్తటి ఇసుక నేల, రాతి పలుకు రెండూ వస్తాయి కాబట్టి, నాగలికి, కల్టివేటర్‌కు ఈ లివర్ విలువ మనకు ఎక్కువే. అయినా చాలామంది దాన్ని ముట్టుకోరు, పలుకు తగిలిన ప్రతిసారీ చేత్తో ఎత్తి దించుతూ భుజం నొప్పి తెచ్చుకుంటారు.

తికమకకు కారణం డ్రైవర్ మతిమరుపు కాదు. రెండు లివర్లూ ఒకే ఆకారంలో, ఒకే ఎత్తులో, చేతికి ఒకేలా తగిలేలా ఇచ్చారు. మీరు చేయగలిగిన చిన్న మార్పు ఒకటి ఉంది: డ్రాఫ్ట్ లివర్ తల మీద పాత సైకిల్ ట్యూబ్ ముక్క ఒకటి బిగించి ఎక్కించండి. వెనక్కి చూస్తున్నప్పుడు కూడా వేళ్లకు తేడా తెలుస్తుంది. లివర్ నడిచే పట్టీ మీద చిన్న ఆపుడు స్క్రూ ఉంటుంది, పని చేసే లోతు దగ్గర దాన్ని బిగిస్తే ప్రతి మలుపు తరువాతా లివర్ అదే చోటికి వచ్చి ఆగుతుంది, లోతు కోసం మళ్లీ వెతుక్కోవాల్సిన పని ఉండదు. ఈ లివర్ల కదలికకు అంతర్జాతీయ పరిమితి 70 న్యూటన్లు, అంటే ఏడు కిలోల బలం. అంతకన్నా గట్టిగా ఉంటే లోపల ఏదో బిగిసిపోయిందని అర్థం.

లివర్ల నాబ్‌లకు రకరకాల రంగులు ఎందుకు?

అంతర్జాతీయ పద్ధతిలో ఇంజన్ ఆపే దానికి ఎరుపు, బండిని నడిపించే గేరుకు, యాక్సిలరేటర్‌కు నారింజ, పీటీవోకు, అంటే ఇంజన్ బలంతో వెనుక పనిముట్టును తిప్పే షాఫ్టుకు, పసుపు, లిఫ్ట్ వంటి మిగతావాటికి నలుపు రంగు ఇస్తారు. పాత నాబ్ పగిలినప్పుడు దుకాణంలో ఏది దొరికితే అది వేయించకుండా అదే రంగు అడగండి. ఇంజన్ ఆపే ఎర్ర నాబ్ ఎక్కడుందో ఇంట్లో అందరికీ, పిల్లలకు కూడా, చూపించి ఉంచండి. పీటీవో నిమిషానికి 540 చుట్లు, అంటే సెకనుకు 9 చుట్లు తిరుగుతుంది. తువ్వాల అంచు చుట్టుకుంటే ఆ మనిషికి అరవడానికి కూడా సమయం ఉండదు, ఆపాల్సింది పక్కన ఉన్నవారే.

డిఫరెన్షియల్ లాక్ పెడల్ గురించి జాగ్రత్తలు ఏమైనా ఉన్నాయా?

రెండు వెనుక చక్రాలూ ఒకే వేగంతో తిరిగేలా కట్టిపడేసే పెడల్ ఇది. చాలా చిన్న ట్రాక్టర్లలో అది సీటు కింద, మడమ దగ్గర ఉంటుంది. చక్రం ఒకటి బురదలో తిరిగిపోతున్నప్పుడు తొక్కి, బయటపడగానే వదలాలి. లాక్ పడి ఉండగా బండి మలగదు. తెలియకుండా మడమ ఆని ఉండటం సాధారణం, అందుకే గట్టు దగ్గర స్టీరింగ్ తిప్పినా ముందుకే పోతుంటే ముందుగా మడమ ఎక్కడుందో చూసుకోండి.

పవర్ స్టీరింగ్‌కు ఎక్కువ డబ్బు పెట్టడం అవసరమా?

సొంతానికి నాలుగైదు ఎకరాలు చేసుకునేవారికి మామూలు స్టీరింగ్ సరిపోవచ్చు. కిరాయికి తిరిగేవారు, దమ్ము ఎక్కువగా చేసేవారు పవర్ స్టీరింగ్ తీసుకోవడమే మేలు. ఎగుడుదిగుడు చెలకలో ముందు చక్రం రాయికి తగిలితే మామూలు స్టీరింగ్ చేతిలో ఒక్కసారిగా తిరుగుతుంది, బొటనవేలు చక్రం లోపలి పుల్లలకు చుట్టి పట్టుకుంటే ఆ వేలు విరుగుతుంది. బొటనవేలును ఎప్పుడూ అంచు మీదే ఉంచాలి. ముందు టైర్లలో గాలి తక్కువైనా, ముందు చక్రాలు పక్కకు తిరిగే కీళ్లకు, అంటే కింగ్‌పిన్‌లకు, గ్రీజు లేకపోయినా స్టీరింగ్ బరువెక్కుతుంది, ముందు వాటిని చూసుకుని తరువాత స్టీరింగ్‌ను నిందించండి.

నడుము నొప్పి కుదుపుల వల్లనా, కూర్చునే తీరు వల్లనా?

రెండూ కలిస్తే వస్తుంది. కూర్చున్న మనిషి వెన్ను సెకనుకు 4 నుంచి 8 సార్లు వచ్చే నిలువు కుదుపుకు అన్నిటికన్నా ఎక్కువగా లోనవుతుంది, గట్టి నేల మీద ట్రాక్టర్ ఇచ్చే కుదుపులు దాదాపు ఆ దరిదాపుల్లోనే ఉంటాయి. యూరోపియన్ యూనియన్ 2002 నాటి నిబంధనలో ఎనిమిది గంటల పనికి కుదుపు తీవ్రత 0.5 మీటర్/సెకను² దాటితే యజమాని జాగ్రత్తలు మొదలుపెట్టాలని, 1.15 ఏ పరిస్థితిలోనూ దాటకూడదని నిర్ణయించారు. ఈ లెక్కలో కుదుపు రెట్టింపైతే పనిచేయదగిన సమయం నాలుగో వంతుకు పడిపోతుంది: కుదుపు 1.0 ఉంటే మొదటి హద్దుకు ఎనిమిది గంటలు పట్టదు, రెండు గంటల్లోనే చేరుతాం. అంటే గేరు తగ్గించి మెల్లగా నడిపి కుదుపును సగం చేసుకోవడం పిరికితనం కాదు, నాలుగింతల సమయం సంపాదించుకోవడం.

టైర్లలో గాలి రోడ్డు కోసం నింపినంత ఎక్కువగా ఉంచి పొలంలో నడిపితే టైరు రాయిలా ఎగురుతుంది. పొలానికి ఎంత ఉండాలో పుస్తకంలో రాసి ఉంటుంది, చిన్న గేజీ ఒకటి కొనుక్కోండి. కూర్చునే తీరులో అన్నిటికన్నా హానికరమైనది, నడుము మెలిపెట్టి వెనక్కి తిరిగి ఉన్న స్థితిలోనే కుదుపు తినడం. గంట గంటకు దిగి, నాలుగు అడుగులు నడిచి, నడుము వెనక్కి వంచి నిలబడండి. దిగేటప్పుడు దూకవద్దు, ట్రాక్టర్ వైపు మొహం పెట్టి, పట్టుకుని దిగండి. బిగుసుకుపోయిన వెన్నుతో దూకడం వల్ల నొప్పి మొదలైందని చెప్పినవారు నాకు చాలామంది తెలుసు.

పత్తి సాళ్లలో గుంటుక తోలేటప్పుడు మెడ పట్టేస్తోంది. ఎలా తగ్గించుకోవాలి?

చిన్న ట్రాక్టర్ పనుల్లో మెడకు అన్నిటికన్నా కష్టమైన పని ఇదే. ముందు చక్రం సాలు మధ్య నుంచి పోవాలి, వెనుక గుంటుక మొక్కను కోయకూడదు, కాబట్టి డ్రైవర్ నిమిషానికి ఎన్నోసార్లు ముందుకూ వెనక్కూ తిరుగుతాడు. దీనికి మందు ఎక్కువగా పొలంలోనే ఉంది. విత్తేటప్పుడే సాళ్లు నిటారుగా, ఒకే ఎడంలో, ట్రాక్టర్ చక్రాల వెడల్పుకు సరిపోయేలా పడితే గుంటుక వేళ మెడ తిప్పడం సగానికి తగ్గుతుంది. వెనుక చక్రాల ఎడం ముందుగానే మార్చి బిగించండి. బానెట్ మధ్యన, ముందు అంచు మీద ఒక గీత గీసుకుంటే సాలుకు సూటిగా పట్టుకోవడం తేలికవుతుంది. గుంటుక చివర ఎర్ర గుడ్డ కట్టిన నిలువు పుల్ల ఒకటి బిగించి, మడ్‌గార్డు దగ్గర అద్దం పెట్టుకుంటే, పూర్తిగా తిరగకుండానే గుంటుక ఎక్కడ నడుస్తోందో తెలుస్తుంది. అయినా తిరగాల్సి వస్తే మెడ ఒక్కదాన్నే తిప్పకుండా తుంటి నుంచి తిరగండి, కుడి చేయి మడ్‌గార్డు పిడి మీద ఆనించండి, సీటును ఆ పనికి ఒక గాడి వెనక్కి జరిపితే మోకాలికి తిరిగే చోటు దొరుకుతుంది.

బత్తాయి తోటలో కొమ్మలు తగులుతున్నాయని బోల్తా రక్షణ చట్రాన్ని తీసేయవచ్చా?

తీసేయకూడదు. మడిచే చట్రం ఉన్న నమూనా అయితే చెట్ల కింద మాత్రమే మడిచి, తోట దాటగానే నిలబెట్టి పిన్ను వేయండి. చట్రం నిలబెట్టి ఉన్నప్పుడు సీటు బెల్టు తప్పకుండా పెట్టుకోవాలి, మడిచి ఉన్నప్పుడు, లేదా అసలు చట్రమే లేని ట్రాక్టర్ మీద బెల్టు పెట్టుకోకూడదు. చట్రానికి రంధ్రాలు వేయడం, నీడ కోసం రేకులు వెల్డింగ్ చేయించడం వద్దు, బోల్తా పడినప్పుడు విరిగేది ఆ వెల్డింగ్ దగ్గరే. తోటకు కొనేవారు పొగ గొట్టం పైకి కాకుండా కిందికి ఉన్న నమూనా చూసుకుంటే కొమ్మలకూ, డ్రైవర్ కళ్లకూ మేలు.

ఇంట్లో ఆడవారు ట్రాక్టర్ నేర్చుకోవాలనుకుంటున్నారు. చిన్న ట్రాక్టర్ వారికి సరిపోతుందా?

సరిపోతుంది, సర్దుబాటు చేస్తే. సగటున 11 సెంటీమీటర్ల ఎత్తు తేడా ఉందని పైన రాశాను, అందువల్ల సీటు ముందుకు ఎంత జరుగుతుందో కొనేటప్పుడే వారిని కూర్చోబెట్టి చూడాలి. మగవారు కూర్చుని బాగుందని చెప్పి కొనుక్కొస్తే ఆ పరీక్ష జరగనట్టే. క్లచ్ తేలికగా ఉండటం, పవర్ స్టీరింగ్ ఉండటం, ఎక్కే మెట్టు తక్కువ ఎత్తులో ఉండటం వారికి ముఖ్యం. చీర కొంగు, చున్నీ నడుముకు గట్టిగా చుట్టుకోవాలి. పీటీవో షాఫ్టు మీద కవరు లేకుండా ఎవరూ పని చేయకూడదు.

ఎండాకాలంలో సీటు మీద కూర్చోలేకపోతున్నాం.

మే నెలలో నల్లగొండలో ఎండ 45 డిగ్రీల దరిదాపులకు పోతుంది, గేరుబాక్స్ వేడి కాళ్ల దగ్గర నుంచి, సైలెన్సర్ వేడి ముందు నుంచి దానికి తోడవుతాయి. నల్ల రెగ్జిన్ సీటుకు ముతక నూలు గుడ్డ కవరు వేయండి, చెమట పీలుస్తుంది, జారదు. కంపెనీ ఇచ్చే తేలికైన టాప్ వాడండి. గొడుగు కట్టుకుంటే గాలికి ఊగి వెనుక చూపును మూసేస్తుంది. దుక్కి పనిని తెల్లవారకముందే మొదలుపెట్టి పది గంటలకు ఆపడం మన పెద్దలు ఎద్దులతో పాటించిన పద్ధతే.

చప్పుడు వల్ల చెవులకు నిజంగా హాని ఉందా?

ఉంది. క్యాబిన్ లేని ట్రాక్టర్ల మీద డ్రైవర్ చెవి దగ్గర చప్పుడు 85 డెసిబెల్స్ దాటడం సాధారణం, రోజూ గంటల తరబడి ఆ స్థాయిలో వింటే వినికిడి మెల్లగా, తిరిగి రాకుండా పోతుంది. చెవిలో పెట్టుకునే నురుగు బిళ్లలు మందుల దుకాణాల్లో దొరుకుతాయి. తువ్వాల చుట్టుకుంటే దుమ్ము ఆగుతుంది, చప్పుడు ఆగదు. పెద్దగా పాటలు పెట్టుకోవడం చప్పుడు మీద ఇంకో చప్పుడు చేర్చడమే.

మడ్‌గార్డు మీద ఒకరిని కూర్చోబెట్టుకుంటే ఏమవుతుంది?

పడిపోయే ప్రమాదం అందరికీ తెలుసు. ఎవరూ గమనించనిది ఇంకొకటుంది: కుడి మడ్‌గార్డు మీద కూర్చున్న మనిషి తొడ సరిగ్గా లిఫ్ట్ లివర్ల మీద ఆనుతుంది, ఎడమ పక్క కూర్చున్న మనిషి కాలు క్లచ్ మీదకు పోయే డ్రైవర్ కాలికి అడ్డం పడుతుంది. కుదుపుకు ఆ మనిషి ఆసరా కోసం పట్టుకునేది లివర్‌నే. చిన్న ట్రాక్టర్ ఒక్క మనిషి కోసం తయారైనది, పిల్లలను ఎక్కించుకోమని ఏడ్చినా ఎక్కించుకోవద్దు.

క్లచ్ తొక్కకుండా స్టార్ట్ అయ్యేలా డైరెక్ట్ చేయించుకున్నాం. తప్పా?

తప్పే. క్లచ్ దగ్గర గానీ గేరు దగ్గర గానీ ఉండే ఆ స్విచ్, గేరులో ఉన్న బండి ఒక్కసారిగా ముందుకు దూకకుండా ఆపుతుంది. దాన్ని తీసేసి, నేల మీద నిలబడి స్క్రూడ్రైవర్‌తో స్టార్టర్ దగ్గర తాకించి స్టార్ట్ చేసేవారు నిలబడే చోటు సరిగ్గా వెనుక చక్రం ముందు. స్విచ్ చెడితే కొత్తది వేయించండి.

కొనేముందు షోరూమ్‌లో ఏం చూడాలి? ఎక్కడ అడిగి తెలుసుకోవచ్చు?

ఐదు నిమిషాలు కూర్చుని దిగిపోకండి. అరగంట కూర్చోండి. కళ్లు మూసుకుని క్లచ్, రెండు బ్రేకులు, గేరు, లిఫ్ట్, పీటీవో, ఇంజన్ ఆపే నాబ్, ఒక్కొక్కటే అందుకోండి. వెతుక్కోవాల్సి వచ్చినదేదో కాగితం మీద రాసుకోండి. నడుపుతామని అడిగి, వెనక్కి చూస్తూ రివర్స్‌లో పోయి చూడండి. ఇంట్లో నడిపే అందరినీ వెంట తీసుకుపోండి.

మధ్యప్రదేశ్‌లోని బుద్నీలో ఉన్న కేంద్ర ప్రభుత్వ ట్రాక్టర్ శిక్షణ, పరీక్షా సంస్థ ఒక్కో నమూనాకు ఇచ్చే పరీక్షా నివేదికను డీలర్‌ను అడగండి. డ్రైవర్ చెవి దగ్గర చప్పుడు, బ్రేకు పెడల్ మీద పెట్టిన బలం, స్టీరింగ్, సీటు, ఫుట్‌రెస్ట్ వంటి భాగాల అదురు అందులో ఉంటాయి. అదురు 100 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో పదో వంతు, దాటిన భాగాలను ప్రత్యేకంగా గుర్తుపెట్టి చూపుతారు, కాబట్టి రెండు నమూనాలను పక్కపక్కన పెట్టి పోల్చుకోవచ్చు. దక్షిణాది రాష్ట్రాల వారికి ఇలాంటి శిక్షణ, పరీక్షా సంస్థ అనంతపురం జిల్లా గార్లదిన్నెలో ఉంది. మన దగ్గర కంపాసాగర్, పాలెం కృషి విజ్ఞాన కేంద్రాలకు పోయి, మీ పంట, సాళ్ల ఎడం, నడిపే మనిషి ఎత్తు మూడూ చెప్పి సలహా అడగండి. వానాకాలం పనులు మొదలయ్యాక ఎవరికీ తీరిక ఉండదు కాబట్టి ఏప్రిల్‌లోనే పోతే మంచిది.